యేసుపాదం గారి ఆదివారాలు

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే "ఆసుపత్రిలో కంప్యూటర్లు చూస్తాను" అని చెప్పి ఊరుకునేదాన్ని. వివరంగా చెబితే వినేవాళ్లకు విసుగు. క్లుప్తంగా చెబితే మర్నాడే పక్కింటివాళ్లు పాడైన ప్రింటరు పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. ముప్పై ఏళ్లకు పైగా ఈ రెండింటి మధ్య నలిగి, పోయిన ఏడాది రిటైరయ్యాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, ఏ టూల్ నేర్చుకోమంటారు?" అని అడుగుతారు. టూళ్ల పేర్లు నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. నా దగ్గర ఉన్నవి నేను చేసిన తప్పులు. వాటిలో ఒకటి ఒక మనిషి ఆదివారాలకు సంబంధించింది. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లూ సన్మానాలూ ఇందులో ఉండవు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, కావలసినవాళ్లు వచ్చి చూడొచ్చు.

అసలు పని

మాది బెజవాడలో పెద్ద ఆసుపత్రి. ఉయ్యూరులో, గుడివాడలో, అవనిగడ్డలో చిన్న శాఖలు ఉండేవి. అన్నిచోట్లా వాడే ప్రోగ్రాములు మాత్రం బెజవాడలోనే, రెండో అంతస్తులో ఒక చల్లటి గదిలో, ఎనిమిది సర్వర్ల మీద నడిచేవి. రోగుల వివరాలు, లాబ్ రిపోర్టులు, మందుల స్టాకు, చివరికి క్యాంటీన్ టోకెన్లు కూడా అక్కడే.

పూర్వం ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో మిషన్ ఉండేది. తర్వాత కంటైనర్లు వచ్చాయి. ప్రోగ్రామునూ, దానికి కావలసిన సరంజామానూ కలిపి ఒక మూట కట్టేయడమే కంటైనరంటే. మూట కట్టాక అది ఏ మిషన్‌లోనైనా దిగుతుంది. అలా మూటలను మోసే మిషన్లన్నీ ఒక జట్టు, దాన్నే క్లస్టర్ అంటారు.

మిషన్లకు మరమ్మతులు తప్పవు. లోపల కంతలు పూడ్చడానికి కొత్త ప్యాచ్‌లు వేయాలి, ఒకసారి ఆపి మళ్లీ లేపాలి. లోపల ప్రోగ్రాములు నడుస్తుండగా ఆపలేం కదా. పెళ్లివారి విడిదిలో ఒక గదికి సున్నం వేయాలంటే ఏం చేస్తాం? ఆ గదిలోకి కొత్తవాళ్లను పంపవద్దంటాం. ఉన్నవాళ్లను మర్యాదగా పక్క గదుల్లో సర్దుతాం. సున్నం ఆరాక తలుపు తీస్తాం, తర్వాత రెండో గది. మా పని అచ్చం అదే. వినడానికి తేలిక. ఏ గదిలో పసిపిల్ల నిద్రపోతోందో, ఏ గదిలో పెద్దాయన మందు వేసుకునే వేళయిందో తెలియాలి, కష్టమంతా అక్కడే.

చాలాచోట్ల ఈ పని అర్ధరాత్రి చేస్తారు. మేం ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా చేసేవాళ్లం. ఆ రోజు ఓపీ ఉండదు. ఏదైనా చెడితే చెప్పేవాళ్లూ, సరిచేసేవాళ్లూ మేలుకునే ఉంటారు. మీరు ఎక్కడ పనిచేసినా ఇదే అడగండి. నిద్రమత్తులో చేసిన మరమ్మతును తెల్లారాక మళ్లీ చేయాల్సి వస్తుంది, నా అనుభవం.

యేసుపాదం గారు

ఆ ఆదివారాలన్నీ చేసింది యేసుపాదం గారు. జనరేటర్ చూసే ఎలక్ట్రీషియన్‌గా చేరి, సర్వర్లకు కరెంటు ఇస్తూ ఇస్తూ వాటి లోపలికి తొంగిచూసి, రాత్రి కాలేజీలో డిప్లొమా చేసి మా విభాగానికి వచ్చారు. నాకన్నా రెండేళ్లు చిన్న. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. కోపం రాదు. వచ్చినా మనకు తెలియదు, ఆ రోజు టీ తాగరు, అంతే.

క్లస్టర్ పెట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్లు ఆయన ఆదివారం ఆరాధనకు వెళ్లలేదు. భార్య రూతమ్మ గారు పటమటలో వాళ్ల చర్చి గాయక బృందంలో ముఖ్యమైన గొంతు. పాస్టర్ గారి ప్రసంగానికి ముందు పాట ఆవిడదే. ఆవిడ ఆటోలో ఒక్కరే వెళ్లి పాడి వచ్చేవారు, ఈయన మా చల్లటి గదిలో స్వెటర్ వేసుకుని మిషన్లు ఖాళీ చేస్తూ కూర్చునేవారు.

ఇది నాకు తెలియదని చెప్పను. తెలుసు. తెలిసీ ఎనిమిదేళ్లు సర్దుకుపోయాను. చేసే మనిషి నోరు విప్పకపోతే ఆ పని బరువు మనకు కనపడదు. పై అధికారులుగా మేం చేసే పాపాల్లో ఇది పెద్దది, ఎవరూ దీనికి మెమో ఇవ్వరు.

ఒక సోమవారం ఆయన నా టేబుల్ దగ్గరకు వచ్చి, పక్కకు చూస్తూ అన్నారు:

"మేడమ్, ఒక విషయమండీ. మా ఇంట్లో ఆవిడకి థైరాయిడ్ ఆపరేషన్ చెప్పారు. వచ్చే నెలలో."

"అయ్యో, ప్రమాదమేం లేదుగా?"

"ప్రాణానికేం లేదన్నారండీ. గొంతు మాత్రం మారే అవకాశం ఉందంట. పై స్థాయి అందకపోవచ్చన్నారు." కాస్త ఆగి, "ఇంకో ఐదు ఆదివారాలున్నాయండీ. ఒక్కసారైనా నేను కూర్చుని వినాలని... ఆవిడ అడగలేదు. నాకే అనిపించింది."

ఎనిమిదేళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ ఒక్క ఆదివారం పని మానేస్తే పోలేదా అని మీరు అడగొచ్చు. ఆ రోజుల్లో వేరే ఊళ్లో దొంగలు కంప్యూటర్లలోకి చొరబడి, డబ్బు కోసం ఒక ఆసుపత్రి ఫైళ్లన్నిటికీ తాళం వేసేశారు. దాంతో మా డైరెక్టర్ గారు ప్రతి ఆదివారం ప్యాచ్‌లు పడాల్సిందేనని గట్టిగా చెప్పారు. నేను కూర్చుంటానంటే, మెలిక పడితే విప్పడం ఆయనకే వచ్చు, మళ్లీ ఆయనకే ఫోన్ వెళ్తుంది. దారి ఒక్కటే, ఈ పని దానంతట అదే జరిగేలా చేయడం. అప్పటికే నేను ఒక స్క్రిప్టు, అంటే కంప్యూటర్ వరుసగా పాటించే ఆదేశాల చిట్టా, సగం రాసి పెట్టుకున్నాను. ఇక పూర్తిచేయాల్సిందే.

నేను నోటుబుక్‌లో రాసుకున్నవి

నిజానికి ఆ సగం స్క్రిప్టు కోసం అంతకుముందే నాలుగు ఆదివారాలు ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన చేసేదంతా నోటుబుక్‌లో రాసుకున్నాను. ఏ మిషన్ ముందు, ఏది తర్వాత, ఎంతసేపు ఆగాలి, ఏ మూటలు కలిసి ఉండకూడదు, ఇలాంటివి నలభై చిల్లర.

ఐదో మిషన్ వంతు రాగానే ఆయన లేచి వరండాలోకి వెళ్లి ఫోన్ మాట్లాడేవారు. "ఏమ్మా, టిఫిన్లు అయ్యాయా? పిల్లాడికి జ్వరం తగ్గిందా? సూదులు పెట్టేశారా?" అని వినపడేది. చుట్టాలెవరో అనుకున్నాను. ఆయన అలా మాట్లాడేటప్పుడు నేను పెన్ను కింద పెట్టి టీ తాగేదాన్ని.

పెన్ను కింద పెట్టకుండా ఉండాల్సింది.

స్క్రిప్టులో నేను చేసిన మొదటి తప్పు వేరేది, అది నవ్వుకునే తప్పు. కొత్త మిషన్‌లో దిగిన ప్రోగ్రాము "నేను సిద్ధం" అని కబురు పెట్టగానే నా స్క్రిప్టు నమ్మేసి పాతదాన్ని ఆపేసేది. లాబ్ రిపోర్టుల ప్రోగ్రాము అలాగే సిద్ధమంది, నాలుగు నిమిషాల దాకా ఒక్క రిపోర్టూ తెరవలేదు. మన ఊళ్లో ఫోన్ చేస్తే "బెంజి సర్కిల్ దాటేశాను" అంటాడు, ఇంకా బాత్‌రూమ్‌లోనే ఉంటాడు చూడండి, ఆ బాపతు. అప్పటి నుంచి సిద్ధమన్న ప్రతివాణ్ణీ ఒక చిన్న పని చేసి చూపించమని అడిగేలా మార్చాను. ఒక పాత రిపోర్టు తెరిచి చూపిస్తేనే సిద్ధమైనట్టు.

మొహమాటం గుర్తులు

రెండో తప్పు నవ్వుకునేది కాదు. దానికి మూలం మా మొహమాటం.

ప్రతి ప్రోగ్రాముకూ "ఇప్పుడు కదపొద్దు" అని ఒక గుర్తు పెట్టే వీలుంది. ఆ గుర్తు ఉంటే స్క్రిప్టు ఆ మూటను ముట్టుకోదు, ఆగుతుంది. ప్రాణాలతో ముడిపడిన రెండు మూడింటి కోసం ఉద్దేశించింది అది. కానీ ఏ విభాగం వాళ్లు వచ్చి "మాది కూడా కొంచెం ముఖ్యమేనండీ" అన్నా నేను కాదనలేకపోయాను. ఫార్మసీకి ఇచ్చి మందుల గోడౌన్‌కి ఇవ్వనంటే బాగుంటుందా? గోడౌన్‌కి ఇచ్చి లాండ్రీకి ఇవ్వకపోతే లాండ్రీ ఇన్‌చార్జి ముఖం మాడ్చుకుంటారు, ఆయన మా పెద్దాడపడుచు తోడికోడలి తమ్ముడు. అలా పంచుతూ పోతే దాదాపు అందరికీ గుర్తు వచ్చేసింది. క్యాంటీన్ టోకెన్లకు కూడా.

పర్యవసానం, స్క్రిప్టు నడిపితే ఏ గదీ ఖాళీ కాదు. అందరూ కదపొద్దనేవాళ్లే. మర్యాదగా అడిగి అడిగి అలాగే నిలబడిపోయేది.

అప్పుడు నేను వెళ్లి ఒక్కొక్కరి గుర్తూ తీసేయాల్సింది. ముఖాలు చూసి అడగడానికి నాకు నోరు రాలేదు. దానికి బదులు స్క్రిప్టులో ఒక వాక్యం చేర్చాను: పది నిమిషాలు ఆగు, అప్పటికీ కదలకపోతే లాగెయ్. మనుషులకు చెప్పలేని మాటను యంత్రంతో చెప్పించానన్నమాట.

యేసుపాదం గారు పక్కన కూర్చుని రెండు మామూలు రోజుల్లో పరీక్షగా నడిపాం. ఐదో మిషన్ దగ్గర ఆయన లేచి వరండాలోకి వెళ్లి వచ్చి, "ఇప్పుడు వదలండి మేడమ్" అన్నారు. టీ కోసం వెళ్లారనుకున్నాను. అంతా చక్కగా జరిగింది.

"ఇక ఈ ఆదివారం మీరు చర్చికి వెళ్లండి" అన్నాను.

"ఫోన్ దగ్గరే ఉంచుకుంటానండీ."

"అవసరం రాదు లెండి" అన్నాను, మహా ధీమాగా.

మొదటి ఆదివారం

ఎనిమిదింటికి స్క్రిప్టు మొదలైంది. నాలుగు మిషన్లు నీటుగా అయ్యాయి. తొమ్మిదిన్నర దాటాక ఐదోది. దాని మీద ఉయ్యూరు డయాలసిస్ షీటు అనే పాత ప్రోగ్రాము ఉంది. ఎవరి బరువెంత, ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి, రక్తం గడ్డకట్టకుండా వేసే మందు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నీ అందులో ఉంటాయి. పాతది కాబట్టి రెండు చోట్ల ఒకేసారి నడవదు, ఒక్కటే ప్రతి. దానికి కదపొద్దన్న గుర్తు ఉంది. క్యాంటీన్‌కి ఉన్నటువంటి గుర్తే.

స్క్రిప్టు పది నిమిషాలు ఆగింది. తర్వాత లాగేసింది. కొత్త మిషన్‌లో దిగబోతే, దాని వివరాలన్నీ దాచి ఉండే డిస్కు పాత మిషన్‌ను వదలలేదు. షీటు అక్కడా లేదు, ఇక్కడా లేదు.

ఇరవై నిమిషాలు నేనే కుస్తీ పట్టాను. చెమటలు పట్టాయి, ఆ చలి గదిలో. చివరికి ఫోన్ తీశాను. మొదటి రింగుకే ఎత్తారు.

"ఏ మిషన్ మేడమ్?"

"ఐదు. ఉయ్యూరు షీటు లేవడం లేదండీ."

"సిస్టర్‌కి చెప్పే కదిపారా?"

"ఏ సిస్టర్?"

"సరేనండీ. నేను చెప్పేది టైపు చేయండి. స్క్రీన్ మీద ఏమొస్తే అది చదవండి."

ఆయన చెబుతున్నారు, నేను కొడుతున్నాను. ఆయన వెనక, చర్చి కిటికీల్లోంచి కాబోలు, ఒక ఆడగొంతు పాడుతోంది. వయసు తెలిసే గొంతే, కానీ ఎక్కడా వణుకు లేదు. పై స్థాయికి వెళ్లి, అక్కడ తీరిగ్గా నిలబడి, నెమ్మదిగా దిగింది. నా వేళ్లు ఆగిపోయాయి.

"ఆవిడేనా అండీ?"

"అవునండీ. చెప్పండి మేడమ్, ఏమొచ్చింది స్క్రీన్ మీద?"

పావుగంటలో షీటు లేచింది. అప్పటికి పాట అయిపోయింది. రూతమ్మ గారి పాట ఆ రోజు నేను విన్నాను. ఆయన నా మాటలు విన్నారు.

ఉయ్యూరులో

ఉయ్యూరులో ఆదివారం కూడా ఒక షిఫ్టు నడుస్తుంది. చెరకు పనులకు వెళ్లేవాళ్లు వారానికి రెండుసార్లూ పనిరోజుల్లోనే రాలేరు కాబట్టి. ఆ పొద్దున వీరయ్య గారనే రైతు డయాలసిస్‌కి వచ్చి ఉన్నారు. అంతకు ముందు రోజే పన్ను పీకించుకున్నారు. రక్తం గడ్డకట్టకుండా వేసే మందు ఇస్తే నెత్తురు ఆగదు, ఇవ్వొద్దని డాక్టర్ షీటులో రాశారు. అక్కడి సిస్టర్ నిర్మలకు ఏదో మార్పు ఉందని లీలగా గుర్తుంది. ఎవరికో, ఏమిటో రూఢిగా తెలియదు. షీటు తెరుచుకోలేదు. ఊహించి చేయడం ఇష్టం లేక ఆవిడ ఎవరికీ సూది పెట్టకుండా ఆగిపోయారు. వీరయ్య గారు అప్పటికే ఆయాసంతో ఉన్నారు. దాదాపు నలభై నిమిషాలు కుర్చీలో ముందుకు వంగి, ఊపిరి కోసం అవస్థపడుతూ కూర్చున్నారు.

ఆవిడ ఊహించి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలుచుకోలేను.

బుధవారం వీరయ్య గారు మళ్లీ వచ్చే రోజని కనుక్కుని ఉయ్యూరు బస్సెక్కాను. యేసుపాదం గారు కూడా వస్తానన్నారు. సిస్టర్ నిర్మల నాకు కుర్చీ వేసి, ఆయనతో మాట్లాడారు.

"ఏమైందన్నా మొన్న? ఫోను చెయ్యలేదేంటి? నువ్వు ఫోను చెయ్యలేదంటే ఆ రోజు మీరు పని పెట్టుకోలేదనే కదా మా లెక్క!"

నాకు అప్పుడు అర్థమైంది. వరండా ఫోను చుట్టాలకు కాదు. రోగులందరి షీట్లూ చూసి, మందులు సరిచూసుకుని, సూదులు పెట్టేశాక ఇరవై నిమిషాల పాటు ఆవిడకు షీటుతో పనుండదు. "పెట్టేశాం అన్నా, కానియ్యి" అని ఆవిడ అన్నాకే ఆయన ఐదో మిషన్‌ను ముట్టుకునేవారు. ఎనిమిదేళ్లుగా, ప్రతి ఆదివారం.

తిరుగు బస్సులో అడిగాను. "నలభై సంగతులు రాయించారు, ఇదొక్కటి ఎందుకు చెప్పలేదండీ?"

"అది పనని నేననుకోలేదు మేడమ్. పలకరింపనుకున్నాను."

వీరయ్య గారికి క్షమాపణ చెప్పాను. మిషన్‌కి ఆనుకుని పడుకున్నాయన తల కొంచెం ఎత్తి, "నాకేం కాలేదుగానమ్మా, ఈసారి చెప్పి చెయ్యండి" అన్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు ఎవరైనా ఇచ్చిన సలహాల్లో అంత పనికొచ్చినది ఇంకోటి లేదు.

గుర్తులు తీసేయడం

మర్నాడు యేసుపాదం గారు టీ తాగలేదు.

"ఆదివారాలు నేనే చూసుకుంటానండీ. ఇదంతా వద్దులెండి. అటు పేషెంట్ల ప్రాణం మీదకి తెచ్చి నేను పాట వినడమేంటి?"

"మీ పాట వల్ల కాదు, నా మొహమాటం వల్ల వచ్చింది" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, పక్క గదివాళ్లు తొంగిచూశారు. "దాన్ని వదిలించుకోవాల్సింది నేను. మీరు మళ్లీ స్వెటర్ వేసుకుని కూర్చుంటే నేను అసలు మారను."

ఆ వారమంతా విభాగాల చుట్టూ తిరిగాను. ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగాను: మీ ప్రోగ్రాము ఆదివారం పది నిమిషాలు ఆగితే ఎవరికి ఏమవుతుంది? క్యాంటీన్ ఆయన చాలా ఆలోచించారు.

"టోకెన్లు లేకపోతే క్యూలో గొడవవుద్దండీ."

"అయితే?"

"అయితే ఏముందండీ, అరుస్తారు. నేనూ అరుస్తాను. ఇడ్లీలైతే వెళ్లిపోతాయి."

"మరి గుర్తు తీసేయనా?"

"తీసెయ్యండి. నాకూ ఉందని చెప్పుకోడానికి బాగుండేది, అంతే."

లాండ్రీ ఇన్‌చార్జి మాత్రం నెల రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆడపడుచు ఫోన్ కూడా వచ్చింది. భరించాను. చివరికి మూడు గుర్తులే మిగిలాయి. పది నిమిషాల తర్వాత లాగెయ్ అన్న వాక్యాన్ని నేనే చెరిపేశాను.

ఇక ఆ ఫోను. దాన్ని స్క్రిప్టు చేయలేదు కదా. ఉయ్యూరు యూనిట్‌లో ఉన్న ట్యాబ్‌కు ఒక ప్రశ్న వెళ్లేలా చేశాం. కింద రెండు బటన్లు, "సరే", "ఆగండి". సరే అంటేనే కదలాలి. ఆగండి అన్నా, అసలు జవాబే రాకపోయినా ఆ మిషన్‌ను అలాగే వదిలేసి మిగతావి చూసుకోవాలి. ప్రశ్న నేను రాశాను: "డయాలసిస్ షీటు ఇరవై నిమిషాలు అందుబాటులో ఉండదు. సమ్మతమేనా?" యేసుపాదం గారు చదివి తల అడ్డంగా ఊపారు.

"ఇలా అడిగితే ఆవిడ బెదిరిపోయి సరే నొక్కేస్తుందండీ. ఆఫీసు నోటీసులా ఉంది."

ఆయనే తిరిగి రాశారు: "సిస్టరమ్మా, అందరికీ సూదులు పెట్టేశారా? ఓ ఇరవై నిమిషాలు షీటు కనపడదు. కుదరకపోతే ఆగండి అనండి, మాకేం తొందర లేదు."

ఆ ఆఖరి మాట కోడ్‌లో ఉండాల్సిన మాట కాదని నాకు ముందు అనిపించింది. తర్వాత చూస్తే మొత్తం స్క్రిప్టులో బలమైన మాట అదే. సిస్టర్ నిర్మల ధైర్యంగా కాదనగలిగేది అది ఉండబట్టే.

చివరి ఆదివారం

ఇదంతా అయ్యేసరికి రెండు ఆదివారాలు ఆయన చేతులతోనే చేశారు. నాలుగోది కొత్త పద్ధతి పరీక్షకు పోయింది, ఆయన పక్కన ఉండక తప్పలేదు. ఆపరేషన్‌కు ముందు మిగిలింది ఒక్క ఆదివారం.

ఆ పొద్దున ఆయన బయల్దేరే ముందు ఫోన్ చేశారు. "ఐదో మిషన్ దగ్గర డిస్కు వదలకపోతే..."

"మీకు మాత్రం చేయను. ఫోన్ ఆపేసుకోండి" అన్నాను.

ఎనిమిదింటికి మొదలైంది. ఒక్కో గదీ ఖాళీ అవుతోంది, సున్నం పడుతోంది, తలుపులు తెరుచుకుంటున్నాయి. ఐదోదాని వంతు రాగానే ఉయ్యూరుకు ప్రశ్న వెళ్లింది. "ఆగండి" అని జవాబు. స్క్రిప్టు దాన్ని వదిలేసి ఆరోదానికి వెళ్లింది. చివరికి మళ్లీ అడిగింది. మళ్లీ "ఆగండి". ఆ రోజు రోగులు ఎక్కువట, ఒకరి తర్వాత ఒకరికి సూదులు పెడుతూనే ఉన్నారు.

పదింటికి డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. ఆయన చెడ్డమనిషి కాదు, ఎర్ర గుర్తు చూస్తే నిలవలేరు.

"భారతి గారూ, ఐదు నంబరు ఎర్రగా చూపిస్తోంది. రేపు ఆడిట్ వాళ్లొస్తున్నారు."

"ఉయ్యూరు వాళ్లు ఆగమన్నారండీ. ఆగింది."

"యేసుపాదం ఉన్నాడుగా. ఫోన్ చేసి చేయించెయ్యండి. పది నిమిషాల పని."

"ఆయన లేరండీ."

"లేకపోవడమేంటి? ఎప్పుడూ ఉంటాడుగా!"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎనిమిదేళ్లుగా నేనూ అలాగే అనుకున్నాను కదా.

"ఇవాళ లేరండీ. నేను ఫోన్ చేయను. రేపు ఆడిట్ వాళ్లకు నేనే చెప్పుకుంటాను" అన్నాను. జీవితంలో డైరెక్టర్లకు నేను కాదని చెప్పిన సందర్భాలు చాలా తక్కువ. ఆయన "సరే, మీ ఇష్టం" అని పెట్టేశారు.

పన్నెండింటికి స్క్రిప్టు తనంతట తానే ఆగి, ఏడు అయ్యాయని, ఒకటి ఉయ్యూరు వాళ్ల కోరిక మీద ఆగిందని రాసి పెట్టింది. ఆ ఒక్కటీ సోమవారం మధ్యాహ్నం సిస్టర్ "సరే" నొక్కాక పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. ఆడిట్ వాళ్లు ఆ కాగితం చదివి, ఆపే బటన్ ఎవరి చేతిలో ఉందని అడిగారు. సిస్టర్ చేతిలో అన్నాను. తల ఊపి తర్వాతి పేజీకి వెళ్లిపోయారు.

పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఆటోమేషన్ రాసే ముందు, అంటే మనిషి పనిని యంత్రానికి అప్పగించే ముందు, ఆ పని ఇన్నాళ్లూ చేసిన మనిషి పక్కన కూర్చోండి. ఆయన కీబోర్డు మీద ఏం కొడుతున్నాడో ఎలాగూ రాసుకుంటారు. కీబోర్డు వదిలి లేచినప్పుడు ఎక్కడికి వెళ్తున్నాడో కూడా చూడండి. ఆ తర్వాత, ఆయన్ని నిజంగా ఇంటికి పంపండి. పంపి మళ్లీ ఫోన్ చేస్తే మీరు చేసింది ఆటోమేషన్ కాదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం డాక్టర్ గారు చెప్పినట్టే మారింది. మాటకు ఇబ్బంది లేదు, పాటకు పై స్థాయి అందడం లేదు. రెండు నెలలకు చెకప్‌కు వచ్చినప్పుడు రూతమ్మ గారు మా గదికి వచ్చారు. యేసుపాదం గారు అవతలి టేబుల్ దగ్గర ఏదో టైపు చేసుకుంటున్నారు. ఆవిడ నా పక్కన కూర్చుని, కాస్త బొంగురుగా, నవ్వుతూ చెప్పారు.

"మీరు ఆయన్ని పంపించారు గానీ నా పాట చెడగొట్టారండీ. ముందు వరసలో కూర్చుని ఒకటే ఏడుపు. ఆయన్ని చూసి నేను మూడో చరణం మర్చిపోయాను. ఏం చెయ్యను, రెండో చరణమే మళ్లీ పాడేశాను. చర్చిలో ఎవరికీ తెలీలేదు."

యేసుపాదం గారు స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే అన్నారు:

"నాకు తెలిసింది."